రక్తబిందువును విడదీయు విద్య

క్షీరనీరములను వేరుచేయు హంసను పెద్దలు వివేకమునకు గుర్తుగా నిలిపిరి. కలిసియున్న వానిని విడదీసి చూడగలుగుటయే తెలివికి తొలిమెట్టని వారి భావము. పల్లెలో ఇల్లాలు చేటతో చెరిగి గింజను, తాలును వేరుచేయును. పెరుగును చిలికి వెన్నతీయును. నగరమున ఇదే విద్య మరియొక రూపమున కానవచ్చును. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు చేరువనున్న చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ ప్రాంతము నగల వ్యాపారమునకు పేరుపొందినది. కంసాలి కొట్ల ముంగిట ధూళిని ఊడ్చి, నీట కడిగి, బరువుచే అడుగున నిలిచిన బంగారు రేణువులను ఏరుకొని జీవించువారు కలరు. ఈ పనులన్నింటను సూత్రమొక్కటే. వేరుచేయదలచిన వస్తువుల నడుమ బరువులోనో, పరిమాణములోనో, స్వభావములోనో ఒక భేదముండవలెను. ఆ భేదమును పట్టుకొనగల సాధనముండవలెను.

కంటికి కానరాని అణువుల విషయమునను ఈ సూత్రము మారలేదు. సాధనము మాత్రము మారుచు వచ్చినది. ఒకప్పుడు గదినిండ పరచుకొనిన యంత్రము చేసిన పనిని నేడు అరచేతిలో నిముడు పలక చేయగలుగుచున్నది. ఆ చరిత్ర పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. పాతబస్తీ సందులలోని కుటుంబములకును, ఏజెన్సీ గూడెములలోని కుటుంబములకును అది బిడ్డల ప్రాణములతో ముడివడియున్నది.

పురానీ హవేలీ ప్రాంతము

చార్మినారునకు ఈశాన్యముగా పురానీ హవేలీ యున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నివసించిన భవనములవి. ఆయన దుస్తుల నిమిత్తము కట్టిన అతి దీర్ఘమైన బీరువాను చూచుటకు నేటికిని యాత్రికులు వత్తురు. అదే ప్రాంతమున యువరాణి దుర్రు షెహవార్ పేర పిల్లల ఆసుపత్రి వెలసినది. తురుష్కుల కడపటి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తెయైన ఆమె 1931లో ఏడవ నిజాము పెద్దకుమారుడు ఆజంజాను పెండ్లాడి హైదరాబాదు కోడలైనది.

ఇచ్చటనే ఛత్తాబజారు చెంత ఒక సేవాసంస్థ చిరకాలము పనిచేసెను. 1998లో బిడ్డల తల్లిదండ్రులు, వైద్యులు, దాతలు కలిసి నెలకొల్పిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అది. తరువాత శివరాంపల్లిలో సొంత భవనమునకు తరలెను. తెల్లవారి బస్సు దిగి, పాలిపోయిన బిడ్డను భుజమున వేసికొని, రక్తమెక్కించుటకై వచ్చు తల్లులకు ఈ దారులు చిరపరిచితములు.

తలసేమియా అనునది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల నుండి సంక్రమించునది. అట్టి బిడ్డ పుట్టినపుడు ఆరోగ్యముగనే కనిపించును. గర్భస్థ శిశువునకు ఒక విధమైన హిమోగ్లోబిన్, పెద్దవారికి మరియొక విధమైన హిమోగ్లోబిన్ ఉండుటయే దీనికి కారణము. పుట్టిన కొన్ని నెలలకు మొదటిది తగ్గి రెండవది దాని స్థానమును పొందవలెను. తలసేమియా బిడ్డలో ఆ రెండవది తగినంత తయారు కాదు. బిడ్డ పాలిపోవును, ఎదుగుదల ఆగును, ప్లీహము పెరుగును. రెండు మొదలు నాలుగు వారములకొక పర్యాయము పరుల రక్తమెక్కించినగాని ప్రాణము నిలువదు. ఎక్కించిన రక్తములోని ఇనుము గుండెలోను, కాలేయములోను పేరుకొని కీడు చేయును గనుక దానిని వెడలగొట్టుటకు వేరొక ఔషధమును నిత్యము వాడవలెను.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన సంగతియొకటి కలదు. ఆ బిడ్డ తల్లియు తండ్రియు సాధారణముగా ఏ జబ్బును లేనివారు. వారు వాహకులు, అనగా లోపమున్న జన్యువొకటియు, మంచి జన్యువొకటియు కలవారు. వాహకులిరువురు దంపతులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు వ్యాధిగ్రస్తుడగు బిడ్డ పుట్టుటకును, సగము వంతు వాహకుడగు బిడ్డ పుట్టుటకును, మిగిలిన నాలుగవ వంతు ఏ లోపము లేని బిడ్డ పుట్టుటకును అవకాశమున్నది. మేనరికములు తెలుగునాట పలుకులములలో, పలుమతములలో పరిపాటి. ఒకే వంశమున దాగిన జన్యువు అట్టి పెండ్లిలో రెండువైపుల నుండియు కలిసికొనుట సులభము. వాహకుని చూచి వాహకుడని ఎవ్వరును చెప్పజాలరు. రక్తములో కొద్దిపాటి లోపము కానవచ్చినను ఇనుము చాలలేదని మాత్రలిచ్చి పంపుట కద్దు. వాని రక్తబిందువును విడదీసి చూచిననే నిజము తేలును. ఆ విడదీయు విద్య ఎట్లు పుట్టెనో చూడదగును.

అణువుల కొలతలు

మిల్లీమీటరులో పదిలక్షలవ వంతునకు నానోమీటరని పేరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఎర్రరక్తకణము వెడల్పు 7,000 మొదలు 8,000 నానోమీటర్లు. ఆ కణములో ఇమిడియున్న హిమోగ్లోబిన్ అణువు వెడల్పు సుమారు 6 నానోమీటర్లే. ఒక్కొక్క కణములో అట్టి అణువులు దాదాపు 27 కోట్లుండును. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో అట్టి కణములు సుమారు 50 లక్షలు. జన్యువులకు ఆధారమగు డి.ఎన్.ఎ. పోగు మందము 2 నానోమీటర్లు; కాని ఒక్క కణములోని పోగులన్నింటిని చాచి కలిపినచో రెండు మీటర్ల పొడవగును. ఇంత సూక్ష్మమైన వానిని ఏ చేట చెరుగగలదు? ఏ జల్లెడ పట్టగలదు?

సుద్దపొడి నుండి గంజి వరకు

ఈ శతాబ్దాల ప్రశ్నకు తొలి సమాధానమొకటి సుద్దపొడిలో దొరకెను. మిహాయిల్ త్స్వెత్ అను రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు వార్సాలో పనిచేయుచు, గాజుగొట్టములో సుద్దపొడిని కూరి, దానిపై ఆకురసమును పోసి, ద్రావకముతో క్రిందికి దింపెను. ఆకుపచ్చగా కనబడిన రసము పచ్చని, పసుపుపచ్చని పట్టెలుగా విడిపోయెను. సుద్దకు గట్టిగా అంటుకొనునది వెనుకబడెను; అంటనిది ముందుకు సాగెను. 1903లో ఆయన ఈ పద్ధతిని వెల్లడించి, 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరిడెను. అనగా వర్ణలేఖనము. ఆ కాలపు రసాయనజ్ఞులు దానిని లక్ష్యపెట్టలేదు. పాతికేండ్లు మరుగునపడి, 1931లో జర్మనీలోని హైడల్‌బర్గ్ పరిశోధకుల చేత అది తిరిగి వెలుగు చూచెను. 1941లో ఇంగ్లండున మార్టిన్, సింజ్ అను వారు దానిని మరియొక మెట్టెక్కించి 1952లో నోబెలు బహుమానమునందిరి.

జీవపదార్థమును విడదీయు ఈ విద్యలో తెలుగువాని చేయియు ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని కడ పనిచేసెను. ద్రవములో భాస్వరమెంత యున్నదో నీలిరంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఆ కొలబద్దను చేతబట్టి కండరముల రసమును శోధింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు బయల్పడినవి. కండరము కదలుటకు వలసిన శక్తి ఎందుండి వచ్చుననుటకు ఈ రెండును ఆధారములైనవి. కలగాపులగముగానున్న కండరసారము నుండి ఒక్కొక్క పదార్థమును వేరుచేయగలిగినందుననే ఆ నిజము తెలిసినది.

తరువాతి అడుగు స్వీడనులో పడెను. ఉప్సాలా విశ్వవిద్యాలయమున ఆర్నే టిసేలియస్ ద్రవములో విద్యుత్తును ప్రవహింపజేసి ప్రోటీనులను పరుగెత్తించెను. విద్యుదావేశము హెచ్చుగాగలది వడిగా కదలును. తక్కువగాగలది మెల్లగా కదలును. 1937లో ఆయన రక్తరసమును ఆల్బుమిన్‌గను, మూడు విధముల గ్లోబులిన్లుగను విడదీసి చూపెను. ఈ పద్ధతికి ఎలక్ట్రోఫోరెసిస్ అని పేరు. 1948లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. నాటి యంత్రము గదినిండ పరచుకొని యుండెడిది. దానిని కొనగల పరిశోధనాలయములు ప్రపంచమున కొలదిగనే యుండెను.

ఒక్క అక్షరపు తప్పు

ఆ యంత్రముతోనే కాలిఫోర్నియాలో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు 1949లో ఒక గొప్ప విషయమును కనుగొనిరి. కొడవలి కణ వ్యాధి, అనగా సికిల్ సెల్ రక్తహీనత, 1910 నుండియు వైద్యులెరిగినదే. ప్రాణవాయువు తగ్గినపుడు ఎర్రకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములకు అడ్డుపడి, ఒడలెల్ల నొప్పులు గలిగించును. కారణమేమో తెలియదు. పౌలింగ్ బృందము ఆరోగ్యవంతుల హిమోగ్లోబిన్‌ను, రోగుల హిమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రమున పరుగెత్తింపగా రెండును వేరువేరు వడితో కదలెను. వాహకుల రక్తములో రెండును కలిసి కనిపించెను. ఒక అణువులోని మార్పే ఒక వ్యాధికి మూలమని లోకమునకు తెలియుట అదే ప్రథమము.

ఆ మార్పేదో 1956లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ కనిపెట్టెను. హిమోగ్లోబిన్‌ను చిన్న తునుకలుగా ఖండించి, కాగితముపై ఒక దిశలో విద్యుత్తుతోను, దానికి అడ్డముగా ద్రావకముతోను విడదీసెను. కాగితముపై ఏర్పడిన మచ్చలలో ఒక్కటి మాత్రము స్థానము తప్పియుండెను. బీటా గొలుసులోని 146 అమినో ఆమ్లములలో ఆరవదానియందు గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వాలిన్ వచ్చి చేరినదని మరుసటి యేట తేలెను. తాటియాకు ప్రతిని వ్రాయు లేఖకుడు ఒక్క అక్షరము తప్పుగా వ్రాసినందున శ్లోకార్థమంతయు తారుమారైనట్లున్నది.

ఈ రెండు హిమోగ్లోబిన్లు పరిమాణములో సమానములే. జల్లెడ కన్నముల చేత వానిని వేరుచేయుట అసాధ్యము. భేదము విద్యుదావేశములో మాత్రమే యున్నది. ఏ భేదమున్నదో గుర్తించి, దానికి తగిన సాధనమును ఎన్నుకొనుటయే ఈ విద్యలోని కీలకము.

తలసేమియా వాహకులను గుర్తించు దారి పిండిపదార్థము చూపెను. 1955లో న్యూయార్కులో కుంకెల్, వాలేనియస్ అనువారు పిండిదిమ్మపై హిమోగ్లోబిన్‌ను విడదీయగా, ప్రధానమైన దానికి వెనుక మరియొక సన్నని పట్టె కనిపించెను. దానికి హిమోగ్లోబిన్ ఏ2 అని పేరిడిరి. సాధారణముగా అది నూటికి రెండు మూడు పాళ్లుండును. తలసేమియా వాహకులలో అది మూడున్నర పాళ్లకు మించుట గమనింపబడెను. ఆ యేటనే టొరంటోలో ఆలివర్ స్మితీస్ గంజిని గడ్డకట్టించి దానినే జల్లెడగా వాడెను. చిన్ననాట ఇంటిలో బట్టలకు పెట్టు గంజి చల్లారి గడ్డకట్టుట చూచిన జ్ఞాపకమే ఆ ఆలోచనకు మూలమని ఆయన చెప్పుచుండెను. గంజి మెత్తలోని సూక్ష్మరంధ్రములలో పెద్ద అణువులు తడబడి వెనుకబడును. చిన్నవి చొరబడి ముందుకు పోవును. పరిమాణభేదము, ఆవేశభేదము రెండును ఒకేచోట పనిచేయ నారంభించెను. గంజి స్థానమును తరువాత ఇతర మెత్తలు ఆక్రమించెను గాని సూత్రము అదే.

మలేరియా విడిచిన జాడ

ఇంతటి హాని చేయు జన్యువు తరతరములుగా ఏల నిలిచియున్నది? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదు పరిసరములతో సంబంధము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపునందు మలేరియా క్రిమిని చూచెను. ఏబదియేండ్ల తరువాత, 1949లో, జె.బి.ఎస్. హాల్డేన్ ఒక ఊహను వెలిబుచ్చెను. తలసేమియా వాహకులు మలేరియాను తట్టుకొనగలిగి యుండవచ్చునని, అందుచేతనే మలేరియా దేశములలో ఆ జన్యువు నశింపలేదని దాని సారము. 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ వాహకుల విషయమున అట్టి రక్షణయున్నట్లు చూపెను. హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరములో కన్నుమూసెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులలో నొకరు.

భారతదేశమున సికిల్ జన్యువు 1952లో నీలగిరి గిరిజనులలో లేమాన్, కట్‌బుష్ అను వారిచే తొలుత గుర్తింపబడెను. పిమ్మట మధ్యభారతమునను, ఆంధ్ర తెలంగాణముల ఏజెన్సీ ప్రాంతములందును అది ఉన్నట్లు తేలినది. కనుక వాహకుడగుట దోషము కాదు, శాపము కాదు. చలిజ్వరముతో పూర్వులు సలిపిన పోరాటమునకు అది మిగిలిన గుర్తు.

హైదరాబాదు పరిశోధనాలయములు

1944లో హైదరాబాదు సంస్థానము నెలకొల్పిన కేంద్ర పరిశోధనాలయము 1956లో భారత ప్రభుత్వపు పరిశోధనామండలి అధీనమునకు వచ్చి ప్రాంతీయ పరిశోధనాలయమని పేరొందెను. అందలి జీవరసాయన శాఖ బీజముగా 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యమున సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అనగా సి.సి.ఎం.బి., ఆరంభమాయెను. 1987లో అచ్చట చేరిన లాల్జీ సింగ్ కట్లపాము డి.ఎన్.ఎ. నుండి తాము పూర్వము వేరుచేసిన ఒక భాగమును గాలముగా వాడి, మనుష్యుల డి.ఎన్.ఎ. తునుకలను జెల్‌పై విడదీసి, మనిషికొక తీరున పట్టెలు ఏర్పడుట 1988లో చూపెను. ఇంగ్లండున అలెక్ జెఫ్రీస్ 1984లో కనుగొనిన డి.ఎన్.ఎ. ముద్రల విద్య ఈ విధముగా స్వదేశమున నిలద్రొక్కుకొనెను. 1989లో కేరళలోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక బిడ్డ పితృత్వ వివాదములో ఈ సాక్ష్యము అంగీకరింపబడెను. 1996లో దీనికై హైదరాబాదులోనే సి.డి.ఎఫ్.డి. అను ప్రత్యేక సంస్థ ఏర్పడెను. వంశపారంపర్య వ్యాధులకు డి.ఎన్.ఎ. పరీక్షలు చేయుటయు దాని విధులలో నొకటి. వాహక దంపతులకు గర్భము ధరించిన పది పన్నెండు వారములలో శిశువునకు వ్యాధి సోకినదియు లేనిదియు డి.ఎన్.ఎ. ద్వారా తెలిసికొనుట నేడు సాధ్యము.

గాజుపలకపై కాలువలు

ఇంతవరకు సాధనములు ప్రకృతి ఇచ్చినవే. సుద్దపొడి, కాగితము, గంజి, మెత్త మొదలగువాని రంధ్రములు ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా నుండును. వానిని మనుష్యుడు నిర్మింపలేదు. రేడియోలలో, గణకయంత్రములలో వాడు సిలికాను పలకలపై వెలుతురుతో సూక్ష్మమైన గీతలు చెక్కు నేర్పు అలవడిన పిమ్మట, జల్లెడను కూడ కోరిన కొలతలతో చెక్కవచ్చునను తలంపు కలిగెను. 1990లో స్విట్జర్లండున ఆండ్రియాస్ మాంజ్, అతని తోటివారు పరీక్షాశాలనంతయు ఒక చిన్న పలకపై నిముడ్చవచ్చునని ప్రతిపాదించిరి. 1992లో ప్రిన్స్‌టన్‌లో వోల్క్‌ముత్, ఆస్టిన్ అనువారు సిలికానుపై సూక్ష్మస్తంభముల వరుసలు నిలిపి, వాని నడుమ డి.ఎన్.ఎ.ను నడిపించిరి. తోటలో చెట్ల నడుమ పొడవైన త్రాడును ఈడ్చినట్లుండును ఆ ప్రయాణము.

2000వ సంవత్సరమున కార్నెల్ విశ్వవిద్యాలయమున జోంగ్యూన్ హాన్, హారోల్డ్ క్రేగ్‌హెడ్ మరియొక వింత చూపిరి. లోతైన గుంటలు, వానిని కలుపుచు అతి సన్నని చీలికలు వరుసగా గల కాలువను వారు చెక్కిరి. చీలిక లోతు నూరు నానోమీటర్లకు అటునిటు మాత్రమే. డి.ఎన్.ఎ. పోగు గుంటలో దారపుండవలె చుట్టుకొని యుండును. చీలికలో దూరవలెనన్న ఆ ఉండ విప్పుకొనవలెను. చిన్న ఉండ ముందుగా దూరునని ఎవ్వరైనను తలంతురు. జరిగినది దానికి విరుద్ధము. పెద్ద ఉండ చీలిక అంచును ఎక్కువ మేర తాకియుండును గనుక, దానిలోని ఏదో ఒక మెలిక చీలికలో జారుటకు అవకాశము హెచ్చు. ఒక మెలిక జారినచో మిగిలినదంతయు దానివెంట పోవును. అందుచే పొడవైన పోగులే ముందుగా గమ్యము చేరెను. 5,000 మొదలు సుమారు 1,60,000 అక్షరజంటల పొడవుగల పోగులు 15 మిల్లీమీటర్ల కాలువలోనే వేరువేరు పట్టెలుగా విడివడెను. అంత దీర్ఘమైన పోగులు సామాన్యమైన జెల్‌లో వేరుపడక ఒకే వడితో సాగును.

2007లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జియాన్‌పింగ్ ఫూ, హాన్, వారి మిత్రులు దీనినే పొలము కాలువల రీతిగా విస్తరించిరి. సమాంతరమైన లోతు కాలువలు, వాని నడుమ గట్లలో సన్నని గండ్లు. మిశ్రమము కాలువ వెంబడి ఎడతెగక పారుచుండగా, అడ్డముగా నుండు విద్యుత్తు అణువులను గండ్ల వైపు లాగును. గండ్లను తేలికగా దాటునవి ప్రక్క కాలువలకు పోవుచు దూరముగా మరలును; దాటలేనివి మొదటి కాలువ వెంటనే సాగును. తుదకు ఒక్కొక్క విధమైన అణువు ఒక్కొక్క తూమున బయటపడును. డి.ఎన్.ఎ. తునుకలను, ప్రోటీనులను ఈ విధముగా కొన్ని నిమిషములలో వేరుచేసిరి. ఇంతటి సన్నని కాలువలలో గోడల విద్యుదావేశము కూడ పనిచేయును. గోడతో సమానమైన ఆవేశముగల అణువును గోడ దూరముగా నెట్టును. ఒకే పరిమాణము గలవి సైతము ఆవేశభేదముచే విడివడుట దీనివలన సాధ్యమగును.

ఈ నానో కాలువల పలకలు ప్రధానముగా పరిశోధనాలయములకే పరిమితములై యున్నవి. వానిలోనికి పచ్చినెత్తురు నేరుగా పోయరాదు. శుద్ధిచేయనిది కాలువలకు అడ్డుపడును. వానికంటె మోటుదైనను వైద్యునకు పనికివచ్చు పలకయొకటి అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయమున ఉముట్ గుర్కాన్ బృందముచే రూపొందెను. దానికి హీమ్‌చిప్ అని పేరు. వ్రేలి నుండి తీసిన చిన్న రక్తబిందువును నీటితో పగులజేసి, పలకలోని సన్నని కాగితపు పట్టీపై నుంచి, స్వల్పమైన విద్యుత్తు పంపుదురు. మంచి హిమోగ్లోబిన్ ముందు, కొడవలి హిమోగ్లోబిన్ వెనుక నిలుచును. పది నిమిషములలో ఫలితము తేలును. పౌలింగ్ గదియంత యంత్రముతో 1949లో చూచినదే ఇది. ఈ పరికరము ఆఫ్రికాలోను, ఆగ్నేయాసియాలోను, మధ్యభారతమునను పరీక్షింపబడి, 2020లో ఆ ఫలితములు ప్రకటింపబడెను. హైదరాబాదు శివారులోని బిట్స్ విద్యాసంస్థలోను సూక్ష్మద్రవ పరికరములపై పరిశోధన సాగుచున్నది.

సాధనము చాలునా?

2023 జూలై 1వ తేదీన భారత ప్రభుత్వము సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలనకై జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. గిరిజన ప్రాంతములలో నలువదియేండ్లలోపు వారిని ఏడుకోట్ల మందిని పరీక్షించుట, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయుట దాని ఆశయములు. నగరము చేరుటకు ఒక రోజు కూలి పోగొట్టుకొనవలసిన వానికి, పరీక్షయే గుమ్మము చెంతకు వచ్చుట సామాన్యమైన మేలు కాదు.

అయినను పలక తెలుపునది నిజము మాత్రమే. ఆ నిజముతో ఏమి చేయవలెనో పలక చెప్పదు. సైప్రసు ద్వీపమునను, సార్డీనియాలోను 1970ల నుండి వాహకులను ముందుగా గుర్తించి, దంపతులకు నచ్చజెప్పి, తలసేమియాతో పుట్టు శిశువుల సంఖ్యను మిగుల తగ్గించిరి. అది యంత్రములు మాత్రమే చేసిన పని కాదు. ఉపాధ్యాయులు, వైద్యులు, మతాచార్యులు, పత్రికలు కలిసి చేసిన పని. పరీక్షాఫలితము పెండ్లి సంబంధములను చెడగొట్టు నిందగా మారినచో జనులు పరీక్షకే రారు. వాహకుడు వాహకురాలు కానివారిని పెండ్లాడినచో పుట్టు బిడ్డకు ఆ తీవ్రవ్యాధి రాదు. ఈ ఒక్క వాక్యము ఇంటింట తెలిసిన నాడు సగము భయము తొలగును. భయము తొలగిన పిమ్మటనే పరీక్షకు విలువ.

ఈ పనిలో గ్రంథాలయములకు స్థానమున్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడును, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రగ్రంథములను తెలుగున ప్రచురింప పూనుకొనినపుడును, తెలియవలసినది తల్లిభాషలో తెలియవలెనను సంకల్పమే వారిని నడిపెను. హిమోగ్లోబిన్ పరీక్ష అనగానేమో, వాహకుడనగా నెవరో, రక్తదానము ఏ బిడ్డను బ్రతికించునో తెలుపు చిన్న పుస్తకమొకటి ప్రతి గ్రంథాలయపు బల్లపై నుండుట ఆ సంకల్పమునకు కొనసాగింపే. పెండ్లిచూపులకు ముందు పెద్దలు జాతకములు చూతురు. దానికి తోడు వధూవరుల రక్తపరీక్షయు చూచుట ఆచారమైననాడు, చిన్నబిడ్డను భుజమున వేసికొని తెల్లవారి బస్సుకై నిలుచు తల్లుల సంఖ్య తగ్గును.